పెసరగుడ్డు పట్టుకొని బెజవాడ

కేకు తినడానికి ఊరు దాటి వెళ్ళేవాళ్ళుంటారు. మేము కేకు చెయ్యడానికి అనంతపురం నుంచి బెజవాడ వెళ్ళాం. అదీ కేకుల షాపు నడిపే మనిషి దగ్గరికి. అదీ గుడ్డుకు బదులు పెసలు పట్టుకొని.

ఇది సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజుల మాట. నేను అనంతపురంలో ఆడపిల్లల కాలేజీలో హోమ్ సైన్స్ పాఠాలు చెప్పేదాన్ని. పెసల్లోంచి మాంసకృత్తులు విడదీసే పని ఒకటి నెత్తికెత్తుకున్నాను. పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. పెసలు నానబెట్టి, పొట్టు కడిగేసి, నీళ్ళు ఎక్కువ పోసి రుబ్బి వడకడితే పాలలాంటి నీళ్ళు వస్తాయి. కదపకుండా ఉంచితే గంజిపిండి అడుక్కి చేరుతుంది. మనకు కావలసింది పైన నిలిచిన నీళ్ళలో ఉంటుంది. అందులో నిమ్మరసం పిండితే పాలు విరిగినట్టు విరుగుతుంది. ఆ విరుగును గుడ్డలో కట్టి, ఆరబెట్టి, పొడి చేసుకోవాలి. ఆ పొడిని నీళ్ళలో చిటికెడు వంటసోడాతో కలిపి గిలక్కొడితే నురగొస్తుంది, వేడి చేస్తే కోడిగుడ్డు సొన గట్టిపడినట్టే గట్టిపడుతుంది. మా పిల్లలు దానికి పెసరగుడ్డు అని పేరు పెట్టారు. మాంసం, గుడ్డు తిననివాళ్ళకూ, కొనుక్కోలేనివాళ్ళకూ ఏనాటికైనా పనికొస్తుందని నా ఆశ.

నా విద్యార్థిని నస్రీన్‌కు బెజవాడలో ఖాదర్ అని మేనమామ ఉన్నారు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆయనకు బేకరీ. నస్రీన్ నోట పెసరగుడ్డు సంగతి విని ఒక సాయంత్రం కాలేజీకే ఫోన్ చేశారు.

"మేడమ్, మా పాప ఆయేషాకి గుడ్డు పడదండీ. ఒక్క చుక్క లోపలికెళ్ళినా ఒళ్ళంతా దద్దుర్లు, మూతి వాచిపోద్ది. ఊళ్ళో పిల్లలందరికీ పుట్టినరోజు కేకులు చేసేది నేనే. మా పిల్లకి మాత్రం పుచ్చకాయ మీద కొవ్వొత్తి పెడతానండీ. పెరుగేసి చేసి చూశాను, ఇటుకొచ్చింది. మీ పొడితో ఏమన్నా అవుద్దేమో, ఒక్కసారి రండి."

ఫోన్ పెట్టేసి చూస్తే నేను వస్తానని చెప్పేసి ఉన్నాను.

స్టేషన్ దగ్గర టిఫిను

నాకు తోడు మా వదిన రుక్మిణమ్మ వచ్చింది. మా ఆయనకు అక్క. గుడ్డు అనే మాట కూడా నోటితో పలకదు, "అది" అంటుంది. ఆమె వచ్చింది కొండమీది అమ్మవారి దర్శనానికి. నా పెసలంటే ఆమెకు చిన్నచూపు. "పెసలు పెసలుగా ఉంటే నీకేం నొప్పి?" అని రైలెక్కినప్పటి నుంచి అడుగుతూనే ఉంది.

రైలు కృష్ణ మీదికి రాగానే ఆమె ప్రశ్నలు ఆగిపోయాయి. మా ఊళ్ళో బిందె నీళ్ళకు కుళాయి దగ్గర వరస కడతాం. ఇక్కడ కిటికీ నిండా నీళ్ళు, తోటి ప్రయాణికులేమో అటు చూడకుండా సంచులు సర్దుకుంటున్నారు. వదినకు వాళ్ళమీద కోపం వచ్చింది.

లాడ్జిలో దిగాక ఆమె స్నానం చేసి మెరిసిపోతూ బయటికి వచ్చింది.

"ఈ ఊరి నీళ్ళు చూడు సుజాతా! సున్నిపిండి ఒంటికి రాస్తే సబ్బు మాదిరి నురగొస్తాండాది. మన బోరు నీళ్ళకు యాడొస్తాది!"

కృష్ణమ్మ గొప్పతనమే అని నేనూ అనుకున్నాను. రైల్లో కిటికీ పక్కన కూర్చుని తెచ్చుకున్న జలుబుతో ముక్కు బిగుసుకుపోయి, అంతకన్నా ఆలోచించే ఓపిక కూడా లేదు.

హోటల్లో సర్వరు మేం కూర్చోకముందే "రెండు ఉప్మా పెసరట్లాండీ?" అన్నాడు. విస్తరంత పచ్చటి అట్టు, లోపల ఉప్మా, పక్కన అల్లం పచ్చడి. వదిన అట్టు మడత ఎత్తి చూసింది.

"ఉప్మాను అట్టులో దాచిపెట్టినారు ఎందుకు? రెండూ ఒకే తూరి తినల్లా?"

"విడివిడిగా తిన్నా ఒప్పుకుంటామండీ," అన్నాడు సర్వరు.

అల్లం పచ్చడి తీపిగా ఉందని వంక పెడుతూనే రెండోసారి వేయించుకుంది. డబ్బు కట్టే దగ్గర హోటలాయన ఏ పని మీద వచ్చారని మర్యాదగా అడిగారు. నేను పెసల గురించి ఓపిగ్గా అంతా చెప్పాను. ఆయన అంతకన్నా ఓపిగ్గా విన్నారు.

"అంటే... పెసరట్టేగా అండీ?"

బెంజ్ సర్కిల్

ఆ కూడలిలో రోడ్డు దాటడం మాకు అరగంట పని. మా అనంతపురంలో లారీ వస్తుంటే మనిషి ఆగుతాడు. ఇక్కడ ఎవరూ ఎవరికోసమూ ఆగరు, అయినా ఎవరికీ తగలరు. చివరికి ఒక కాలేజీ పిల్ల "రండి ఆంటీ" అని మా ఇద్దరి చేతులూ పట్టుకుని దాటించింది.

ఖాదర్ గారు భారీ మనిషి. కనురెప్పల మీద కూడా మైదా. "రండి రండి, కాఫీ తాగుతారా, కూల్‌డ్రింకు తెప్పించనా?" అంటూ కుర్చీలు తుడిచారు. వదిన లోపలికి రాలేదు. అట్టల మీద అట్టలుగా పేర్చి ఉన్న "వాటిని" చూసి, పేవ్‌మెంటు మీదే కుర్చీ వేయించుకుంది.

ఆయేషా అక్కడికే వచ్చి ఆమె పక్కన నిలబడింది. మూడో క్లాసు చదువుతోంది. వాళ్ళ నాన్న కూడా ఆ పిల్లను షాపు లోపలికి రానివ్వరు. గుమ్మం బయటి నుంచే "అబ్బా, నీళ్ళు. అబ్బా, వీళ్ళేనా?" అని అడుగుతోంది.

"ఏం పాపా, మాటకు ముందు అబ్బా అంటాండావు, యాడైనా నొప్పా?" అంది వదిన.

"మేము నాన్నని అబ్బా అంటామండీ," అని నవ్వింది ఆయేషా. వాళ్ళిద్దరూ అప్పటి నుంచి ఒక జట్టు.

గుడ్డు తగలని చోటు కావాలని పక్క ఇంట్లో కొత్త గిన్నె, కొత్త మైదా బస్తా, కొత్త చిన్న ఒవెన్ సిద్ధంగా ఉంచారు ఖాదర్ గారు. నేను స్టీలు డబ్బాలోంచి పొడి తీసి కలిపాను. ఎంత గిలక్కొట్టినా నురగ రాలేదు. ప్రయాణంలో తేమ తగిలిందేమోనని సర్దిచెప్పుకున్నాను. ఖాదర్ గారు వెనిలా ఎసెన్సు దండిగా పోశారు. ఒవెన్లోంచి బయటికి వచ్చింది మాత్రం కేకు కాదు, గోధుమరంగు పలక.

ఆయన అంచు తుంచి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు. మర్యాదస్తుడు.

"కొంచెం చేదుందండీ. కానీ వాసన బానే ఉంది. ఎక్కడో తెలిసిన వాసన."

ఆయేషా గుమ్మం దగ్గర నిలబడి ముక్కు ఎగబీల్చింది. "పిన్ని పెళ్ళికూతురు అయినప్పటి వాసన."

అప్పుడు లేచి వచ్చింది వదిన. పలకను చేతిలోకి తీసుకుని వాసన చూసింది. ఆమె ముఖంలో రంగు మారింది.

"సుజాతా, ఇది నా సున్నిపిండి. కచ్చూరాలు, గులాబి రేకులు వేసి నేనే దంచినా."

రెండు డబ్బాలూ ఒకే రకం స్టీలువి, ఒకే సంచిలోవి. బట్టలకు అంటుతుందని ఆమె సున్నిపిండిలో పసుపు వెయ్యదు కాబట్టి పొడుల రంగు కూడా ఒకటే. నా ఏడాది కష్టాన్ని ఆమె పొద్దున తొందరలో వాసన కూడా చూసుకోకుండా ఒంటికి రుద్దుకుని స్నానం చేసింది. ఆ నురగ కృష్ణమ్మది కాదు, నాది. అడుగున మిగిలిన కాస్తా తడి చేతులు తగిలి ఉండ కట్టింది.

ఖాదర్ గారు మైదా బస్తా మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నేనూ నవ్వాను, ఏడవలేక. వదిన మాత్రం నవ్వలేదు. ఆమె ఆయేషాను చూస్తోంది. ఆ పిల్ల కాసేపు పలక వంకా, కాసేపు మా వంకా చూసి, మమ్మల్ని ఓదార్చడానికన్నట్టు అంది:

"ఫర్వాలేదు ఆంటీ. పుచ్చకాయ చల్లగా బాగుంటుంది."

లాడ్జికి తిరిగి వచ్చాం. గది తలుపు తీస్తూ వదిన అంది: "అమ్మవారు యాడికీ పోదులే. మొదల ఆ బిడ్డ కేకు చూడు."

కంకిపాడు దాటి చల్లపల్లి

పుట్టినరోజు ఎల్లుండి. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. పెసలు పాతబడితే నాకు కావలసింది నీళ్ళలోకి సరిగా దిగదు. కొట్లో పెసలు ఏనాటివో ఎవరికి తెలుసు? ఖాదర్ గారి షాపుకు నెయ్యి పంపే వెంకటరత్నం గారనే రైతు చల్లపల్లిలో ఉన్నారు. ఆయన పెసర కళ్ళం ఆ వారమే అయిందట. మర్నాడు పొద్దున్నే బందరు రోడ్డు బస్సెక్కాం.

కంకిపాడులో బస్సు టైరు పంచరయింది. దిగి చెరకు రసం తాగాం. మా ఊళ్ళో బస్సు ఆగితే డ్రైవరును తిడతాం. ఇక్కడ జనం ఆయన చుట్టూ చేరి, టైరు ఎలా విప్పాలో ఆయనకే "అలా కాదండీ, ఇలాగండీ" అని గౌరవంగా నేర్పుతున్నారు. పక్కనే కాలువ నిండుగా పోతోంది. వదిన గట్టున కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని, "దీంట్లో సగం మన ఊరికి పంపరాదా," అని కాలువనే అడిగింది.

వెంకటరత్నం గారి వాకిట్లో పెసలు రాశి పోసి ఉన్నాయి. గుప్పిట్లో తీసుకుంటే ఇంకా పొలం వాసన. వరి కోతకు ముందే ఆ తడి మడిలో పెసలు చల్లేస్తారట. వరి కోసేసరికి అడుగున మొలకలు లేచి ఉంటాయి, తర్వాత నేల తడికీ మంచుకీ అవే పండుతాయి. వాన కోసం ఆకాశం చూసి చూసి మెడలు పట్టుకునే ఊరివాళ్ళం, ఈ మాట నమ్మడానికి మాకు కాస్త సమయం పట్టింది.

మేం వచ్చిన పని విని ఆయన కండువా తీసి భుజం మార్చుకున్నారు.

"నాకు తెలీకడుగుతానండీ. పెసల్లోంచి గుడ్డు తీస్తారు, బానే ఉంది. మరి కోడేం చేసిందండీ పాపం?"

"కోడి ఏమీ చెయ్యలేదండీ. ఆ పాపకు పడదు."

"అయ్యయ్యో," అన్నారు ఆయన వెంటనే. లోపలికి తిరిగి, "అన్నపూర్ణా! పెసలు నానెయ్యి!" అని కేక పెట్టారు.

పెసలు నానేలోపు అన్నపూర్ణమ్మ గారు మాకు అన్నం పెట్టారు. మా వైపు "చాలు" అంటే గరిటె ఆగుతుంది. డెల్టాలో చాలు అనే మాటకు అర్థం "ఇప్పుడు మొదలుపెట్టండి" అని. గోంగూర, దోసావకాయ, ముద్దపప్పు మీద బావిలా నెయ్యి, చివరికి కత్తితో కొయ్యవలసిన పెరుగు. "ఏవండీ, ఏవీ తినలేదు, మా వంట నచ్చలేదా?" అని ఆవిడ నొచ్చుకుంటుంటే వదిన చెయ్యి విస్తరి మీద కప్పింది. ఆవిడ ఆ చెయ్యి పక్కకు జరిపి పెరుగు వేశారు.

సాయంత్రానికి రుబ్బి, వడకట్టి, పెద్ద ఇత్తడి గంగాళంలో నీళ్ళు తేర్చాను. కదపకూడదని చెప్పి, నిమ్మకాయల కోసం పెరట్లోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అన్నపూర్ణమ్మ గారు ఎంతో సంతోషంగా నాకు ఎదురొచ్చారు.

"మీకెందుకు శ్రమ అని పైనీళ్ళు వంచేశానండీ. అడుగున పిండి ఎంత తెల్లగా వచ్చిందో చూడండి!"

"పైనీళ్ళు ఎక్కడ వంచారండీ?"

ఆవిడ దొడ్డివైపు చూపించారు. గేదె కుడితి తొట్టిలోంచి తల ఎత్తి మమ్మల్ని చూసింది. మూతి చుట్టూ నురగ. తొట్టి ఖాళీ.

అన్నపూర్ణమ్మ గారు విషయం తెలుసుకుని కొంగు నోట్లో కుక్కుకున్నారు. వెంకటరత్నం గారు గేదెను చాలాసేపు పరిశీలించి, "రేపు పాలు చిక్కగా వస్తయ్యేమో చూద్దాం," అన్నారు.

నాకు ఆ క్షణంలో అనంతపురం వెళ్ళిపోవాలనిపించింది. ఒక డబ్బా స్నానానికి పోయింది, ఒక గంగాళం గేదెకు పోయింది. నేను అరుగు మీద కూర్చుండిపోయాను. వదిన చీర కొంగు నడుముకు బిగించింది.

"లే. మళ్ళీ నానేద్దాం. ఈసారి గంగాళం పక్కన నేను కూచుంటా. గేదె రానీ, మనిషి రానీ, చూస్తా."

నిజంగానే కూర్చుంది. నా పెసలంటే చిన్నచూపు చూసిన మనిషి, తెల్లవారి విరుగు తేలినప్పుడు, "వచ్చె సుజాతా, వచ్చె!" అని నాకన్నా ముందు అరిచింది.

ఐసుపెట్టె

ఆరబెట్టి పొడి చేసే సమయం లేదు. తడి విరుగునే గుడ్డలో కట్టి బెజవాడ చేర్చాలి. ఆ ఎండకు దారిలోనే పులిసిపోతుంది. వెంకటరత్నం గారు బజారుకు వెళ్ళి ఐసు నింపిన థర్మోకోల్ పెట్టె తెచ్చారు. కొత్తదే, వాడనిది. కానీ చేపలు పంపే పెట్టె. మూత మీద ఎర్ర రంగుతో చేప బొమ్మ కూడా ఉంది.

జన్మలో నీచు ముట్టని మా వదిన ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంది.

"అమ్మా, చేపలపెట్టె పైన వేయించండి, కారుద్ది," అన్నాడు కండక్టరు.

"చేపలు కాదప్పా."

"రొయ్యలైనా పైనేనండీ."

వెనక సీటు పెద్దాయన ముందుకు వంగారు. "ఏం రకం తల్లీ? కొర్రమీనా? మా ఇంట్లో చుట్టాలొచ్చారు, ఒక రెండు ఇచ్చి పోకూడదూ?"

"నేను చేపలమ్మే దాని మాదిరి కనపడతాండానా?" వదిన మూత తీసి చూపించింది. బస్సు సగం లేచి నిలబడింది. ఐసులో తెల్లటి మూట.

"జున్నా అండీ?"

"పెసలు," అంది వదిన.

"పెసలు ఐసులోనా!"

వదిన చెప్పడం మొదలుపెట్టింది. పెసల పాలు, తేట, నిమ్మరసం, గేదె, ఆయేషా, దద్దుర్లు, అన్నీ వరసగా చెప్పింది. నేను క్లాసులో ఎన్నడూ అంత బాగా చెప్పలేదు. ఉయ్యూరు దాటేసరికి కండక్టరు మాకు ముందు సీటు ఇప్పించి, పెట్టెకు ఎండ తగలకుండా కిటికీకి తన తువ్వాలు కట్టాడు. కంకిపాడులో దిగుతూ ఒక పెద్దావిడ మాత్రం వదిన గడ్డం పట్టుకుని, "ఇంత శ్రమెందుకు తల్లీ, ఆ పిల్లకి రెండు పెసరట్లు వేసి పెట్టకపోయారా," అని జాలిపడి వెళ్ళింది.

గుడ్డు లేని షాపు

బేకరీ ముందు అట్టముక్క మీద చేత్తో రాసి వేలాడదీశారు: "ఈ రోజు గుడ్డు ఐటమ్స్ లేవు." చిన్న ఒవెన్లో కేకు సమంగా పొంగదని, ఎలాగైనా పెద్ద ఒవెన్లోనే చెయ్యాలని ఖాదర్ గారి పట్టుదల. అందుకని ముందురోజే సరుకంతా పంపించేసి, షాపంతా సోడా నీళ్ళతో కడిగించారు. బల్లలు, అరలు, ఒవెన్, అన్నీ. పుట్టిన తర్వాత ఆయేషా ఆ షాపు లోపలికి రావడం అదే మొదటిసారి. అద్దాల అరల వెనక నిలబడి, ఖాళీ ట్రేలను వేలితో తడుముతూ తిరుగుతోంది.

"భాయ్, ఎగ్ పఫ్ రెండు," అంటూ ఒకాయన వచ్చాడు.

"ఇయ్యాళ లేదండీ."

"బెంజ్ సర్కిల్లో బేకరీ పెట్టి ఎగ్ పఫ్ లేదంటే ఎట్లాగండీ!"

"ఇయ్యాళ మా పాప షాపులో ఉందండీ," అన్నారు ఖాదర్ గారు. వచ్చినాయనకు ఏమీ అర్థం కాలేదు, అయినా బన్ను కొనుక్కుని వెళ్ళాడు.

విరుగులో సోడా వేసి నీళ్ళు పోస్తే మళ్ళీ పాలలా కరిగింది. గిలక్కొడితే ఈసారి నురగ గిన్నె అంచు దాకా లేచింది. వదిన దాన్ని గుర్తుపట్టినట్టు చూసి తల దించుకుంది. ఒవెన్ తలుపు మూశాక ఖాదర్ గారు గాలికి కేకు కుంగుతుందేమోనని ఫ్యాను కూడా ఆపించారు. రోజుకు వందల కేకులు చేసే మనిషి, అద్దంలోంచి చూస్తూ చెమటలు కక్కుతున్నారు.

కేకు పొంగింది. తీసి బల్లమీద పెట్టగానే నడుమ వేలెడు కుంగింది. కాస్త ఆకుపచ్చ రంగు కూడా తిరిగింది. "గుంట మనకి మంచిదేనండీ, క్రీము ఎక్కువ పడుతుంది," అని ఖాదర్ గారు పూడ్చేశారు. దానిమీద ఆయేషా అని రాస్తుంటే దీర్ఘం పక్కకు జారింది.

ఆయేషా వాళ్ళమ్మ, డాక్టరు ఇచ్చిన మందు సీసా చేతిలో పట్టుకుని నిలబడింది. ఆయేషా ముందు వేలిగోరంత ముక్క నోట్లో పెట్టుకుంది. ఆగమన్నాం. ఆగింది. అందరం ఆ పిల్ల మూతినే చూస్తున్నాం. బయట కూడలిలో హారన్లు. పెదవి వాయలేదు. దద్దుర్లు రాలేదు. కాసేపటికి వాళ్ళమ్మ సీసాను బల్లమీద పెట్టి, కుర్చీలో కూలబడింది.

ఆయేషా పెద్ద ముక్క తీసుకుంది. నిదానంగా, కళ్ళు మూసుకుని తింది. తర్వాత వాళ్ళ నాన్నను అడిగింది.

"అబ్బా, నువ్వు అందరికీ చేసే కేకులు ఇలాగే ఉంటాయా?"

ఖాదర్ గారు ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. అవునని అంటే సరిపోయేది. నేను అనమని సైగ కూడా చేశాను. కానీ ఆయన కేకుల విషయంలో అబద్ధం ఆడలేని మనిషి.

"ఇంకొంచెం మెత్తగా ఉంటాయమ్మా," అన్నారు. "వచ్చే పుట్టినరోజుకి ఇది కూడా మెత్తగా చేద్దాం."

ఆయేషా మూతికి క్రీముతో, చాలా తీవ్రంగా ఆలోచించింది.

"వచ్చే పుట్టినరోజు దాకా ఎందుకు? రేపు చెయ్యి."

ఎవరూ నవ్వలేదు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఖాదర్ గారు నావైపు చూశారు. మా రైలు ఆ రాత్రికే. నేను వదినవైపు చూశాను. ఆమె అప్పటికే అద్దాల అర మీదుగా వంగి, లోపల గంగాళమంత పెద్ద గిన్నె ఏదైనా ఉందా అని వెతుకుతోంది.

"ఖాదరప్పా," అంది వెనక్కి తిరగకుండానే, "మీకు తెలిసినోళ్ళ ఇంట్లో యాడైనా పెద్ద గ్రైండరు ఉండాదా?"